భూతాపము - నిత్యకృత్యములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెటూరి గ్రంథాలయము ఇరువది యైదు సంవత్సరములు నిలుచుట సామాన్య విషయము కాదు. భవనము కట్టుట ఒకనాటి ఉత్సాహముచే జరుగవచ్చును. ప్రతి సాయంకాలము తలుపు తీయుట, దీపము వెలిగించుట, పుస్తకమిచ్చి పద్దు వ్రాయుట మాత్రము అలవాటు వలననే జరుగును. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును ఆరంభించిరి. తీరమున నున్న ఊళ్ళకు పుస్తకములు పడవపై చేరెను. ఈనాడు దానిని గొప్ప ఉద్యమమని కీర్తించుచున్నారు. దగ్గరనుండి చూచినచో అది ప్రతి రేవున ఆగుట, పుస్తకమిచ్చుట, తిరిగి పుచ్చుకొనుట అను చిన్నపని. ఆ చిన్నపని మానక జరిగినందుననే ఉద్యమమైనది.

నేటి ప్రసంగ విషయమునకును ఇదియే మూలము. లోకమును వేడెక్కించుచున్నది ఏ యొక్కనాటి ప్రళయమో కాదు. కోట్ల జనుల నిత్యకృత్యములు. ఆ వేడిమి తగ్గుటకును ఆ నిత్యకృత్యములే కొంతవరకు మారవలసియున్నది.

భూతాపమునకు కారణము తెలియుట కష్టము కాదు. చలికాలపు రాత్రి దుప్పటి కప్పుకొన్నవాని ఒంటివేడి బయటకు పోక నిలుచును. భూమికి అట్టి దుప్పటిగా నున్నవి గాలిలోని కొన్ని వాయువులు. వానిలో ముఖ్యమైనది బొగ్గుపులుసు వాయువు. బొగ్గు, పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు మండినప్పుడెల్ల అది పుట్టును. గాలిలో ఈ వాయువు పెరిగినచో భూమి వేడెక్కునని స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు స్వాంటే అర్హీనియస్ 1896లోనే లెక్కగట్టెను. 1958లో చార్లెస్ కీలింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు హవాయి ద్వీపములలోని మౌనాలోవా పర్వతముపై దీనిని నిత్యము కొలుచుట ఆరంభించెను. యంత్రయుగమునకు పూర్వము పదిలక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లుండిన ఆ వాయువు, కీలింగ్ కొలత మొదలుపెట్టునాటికి సుమారు 315 పాళ్లు. 2000 సంవత్సరమున సుమారు 370. 2024లో 424. అనగా ఒక గ్రంథాలయము రజతోత్సవమునకు వచ్చునంత కాలములో దుప్పటి ఎంత మందమైనదో ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఫలితమును పల్లె ఇప్పటికే అనుభవించుచున్నది. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో కలిపి వెయ్యిమందికి పైగా మరణించిరి. వారిలో పలువురు ఎండలో కూలిపని చేయువారు, వృద్ధులు. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అది మోయగల నీటియావిరి నూటికి సుమారు ఏడు పాళ్లు పెరుగును. అందుచేత కురిసినప్పుడు కుంభవృష్టి కురియుట ఎక్కువగును. 2024 సెప్టెంబరు మొదటి తేదీనాటికి బుడమేరు పొంగి విజయవాడలో పలు పేటలు మునిగినవి. ఖమ్మమున మున్నేరు ఇండ్లలోనికి వచ్చినది. ఫలానా వాన కేవలము భూతాపము వలననే కురిసినదని చెప్పుట న్యాయము కాదు. కాని అట్టి వానల బలము పెరుగుటకు భూతాపము తోడగుననుట నిశ్చయము. 2024వ సంవత్సరము కొలతలు గలిగినంతలో లోకమున మిక్కిలి వేడియైన సంవత్సరము. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునాటి సగటుకంటె సుమారు ఒకటిన్నర డిగ్రీ అధికము.

ఇచట ఒక పెద్దరైతు లేచి అడుగవచ్చును: "అయ్యా, విమానములెక్కి తిరిగేది ఎవరో, మిల్లులు నడిపేది ఎవరో. రెండెకరాల వాడిని, నన్ను మానుకోమంటారేమిటి?" ఈ ప్రశ్నను కొట్టివేయరాదు. ఇది న్యాయమైన ప్రశ్న. బొగ్గు, చమురు మండించుట వలన భారతీయుని తలకు ఏటా వచ్చు బొగ్గుపులుసు వాయువు సుమారు రెండు టన్నులు. ప్రపంచపు సగటు నాలుగున్నర టన్నులకు పైన. అమెరికా దేశీయునికి పదమూడు టన్నులకు మించును. భారతీయుల సగటులోనే పట్టణపు సంపన్నుని పాలు వేరు, పల్లెలోని కూలివాని పాలు వేరు. కాబట్టి పల్లెవాడు నేరస్థుడు కాడు. అతనికి నేర్పవలసినది పశ్చాత్తాపము కాదు.

అయినను అతడు ఆలోచింపవలసిన కారణములు రెండు కలవు. మొదటిది: వేడిమిని తగ్గించు అలవాట్లలో పెక్కు అతని నీటిని, ఖర్చును, ఆరోగ్యమును ముందుగా కాపాడును. లోకమునకు మేలగుట అటుపిమ్మట. రెండవది: పల్లె చేతిలో నిజముగా బరువైన మీట ఒకటి కలదు. అది వరిమడిలో నున్నది.

ఏ అలవాటు ఎంత బరువో తెలియకున్న మంచి మనసు కూడ వ్యర్థమగును. గుడ్డసంచి పట్టుకొని సంతకు పోవుట మంచిదే. మురుగుకాలువలకు, పశువుల కడుపులకు దానివలన మేలు కలుగును. కాని ఒక్క సంచి పట్టుకొని భూతాపమును జయించితినని సంతోషించుట, గాదె క్రింది పందికొక్కును వదలి గడపలోని చీమను తరుముట వంటిది. ఇందుచేత పెద్దవానినుండి చిన్నవానికి వరుసగా చెప్పుట యుక్తము.

మొదటిది మడిలోని నీరు. నీరు ఎడతెగక నిలిచిన మడిలో మట్టికి గాలి ఆడదు. గాలి లేని ఆ బురదలో సూక్ష్మజీవులు కుళ్ళిన మోళ్ళను, ఆకును తిని మీథేను అను వాయువును పుట్టించును. అది బుడగలుగా కొంత, వరి కాడలగుండ కొంత పైకి వచ్చును. నూరేండ్ల లెక్కన చూచినచో మీథేను బొగ్గుపులుసు వాయువుకంటె ఇరువదియేడు రెట్లు వేడి పట్టియుంచును. ఎల్లప్పుడు నీరు నిలిపిన ఎకరము మడినుండి ఒక పంటకు వచ్చు మీథేను, స్థూలమైన లెక్కకు, ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుతో సమానము. మధ్య మధ్య మడిని ఆరనిచ్చినచో అది సుమారు సగమునకు తగ్గును. ఆ తగ్గిన అరటన్ను ఎంతటిదో తెలియవలెనన్న, పండ్రెండు వంటగ్యాసు బండలు మండించినప్పుడు వచ్చునంత. ఒక సంసారము ఏడాది పొడుగునను వండుకొనుటకు వాడునంత గ్యాసు అది.

తడిపి ఆరబెట్టు ఈ పద్ధతికి ఖర్చు లేదు. అడుగు పొడవు గల గొట్టమునకు క్రిందివైపు చుట్టును రంధ్రములు పొడిచి, ఎనిమిదంగుళములు మట్టిలో దిగునట్లు మడిలో పాతవలెను. లోపలి మట్టిని తీసివేయవలెను. నాట్లు వేసి మొక్క నాటుకొనిన రెండు వారముల పిదప, గొట్టములోని నీరు నేలమట్టమునకు ఆరంగుళములు క్రిందికి దిగువరకు ఆగి, అప్పుడు మరల రెండంగుళముల నీరు పెట్టవలెను. పైకి మడి ఆరినట్లు కనబడినను వేరునకు తడి అందుచునే యుండునని ఆ గొట్టమే చూపును. పూతకు వారము ముందునుండి, పూత ముగిసిన వారము వరకు మాత్రము నీరు తీయరాదు. తీసినచో తాలు పెరుగును. ఉప్పు పైకి తేలు చౌడు నేలలలో ఈ పద్ధతి తగదు. ఆరిన మడిలో కలుపు కొంత ఎక్కువగును గనుక తొలినాళ్లలోనే దానిని తీయించవలెను. ఇది ఈ నేలకు కొత్త కాదు. 2003 ఖరీఫులో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు జిల్లాలలో చేయించిన 'శ్రీ' వరి సాగునందును మడిని తడుపుచు ఆర్చుచు పోవుటయే పద్ధతి.

ఇందులో ఇరుగుపొరుగు న్యాయము కూడ కలదు. ఎగువ రైతు మడిలో మోకాలిబంటి నీరు నిలుపుకొన్న ఏటనే కాలువ శివారు రైతు నారు ఎండును. తడిపి ఆరబెట్టినచో నీరు నూటికి ముప్పది పాళ్ల వరకు మిగులునని పరీక్షలలో తేలినది. ఎగువ గట్టున మిగిలిన నీరు శివారునకు చేరుట, భూమి చల్లబడుటకు ముందే కలుగు లాభము. ఈ పని ఒంటరిగా సాగదు. మడినుండి మడికి నీరు పారు చోట గట్టునానుకొన్న రైతులందరు ఒక మాట మీద నిలువవలెను.

రెండవది బోరు మోటారు. ఆంధ్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు 2004లో వచ్చినది. వెల లేని వస్తువునకు విలువ లేదనుకొనుట మనుష్య స్వభావము. కరెంటు వచ్చినదే తడవుగా మోటారు తనంత తాను తిరుగునట్లు ఆటోస్టార్టరు బిగించి రైతు నిద్రపోవును. మడి నిండి గట్టు పొర్లినను మోటారు ఆగదు. అయిదు గుర్రపుబలముల మోటారు గంటకు సుమారు నాలుగు యూనిట్లు త్రాగును. రోజుకు రెండు గంటలు వృథాగా తిరిగినచో నూరు దినములకు ఎనిమిది వందల యూనిట్లు. ఈ దేశపు విద్యుత్తులో నాలుగింట మూడు పాళ్లకు దరిదాపు బొగ్గు కాల్చుట వలన వచ్చుచున్నది. రామగుండము, కొత్తగూడెముల పొగగొట్టములు అందుకు సాక్షి. యూనిటుకు సుమారు ఏడు వందల గ్రాముల బొగ్గుపులుసు వాయువు చొప్పున లెక్కించినచో, ఆ ఒక్క స్టార్టరు వలన అయిదు క్వింటాళ్లకు పైగా గాలిలో కలియును. పాతాళమునకు దిగిపోవు జలము సంగతి దీనికి అదనము. లేచి వెళ్లి మోటారు కట్టివేయుట ఒక అలవాటు. అది లేనిచోట బోరు లోతు ఏటేట పెరుగును.

మూడవది గడ్డి, ఎరువు. కోతయంత్రము వచ్చిన పిదప గడ్డి వామి కాక మడిలోనే చెదరిపోవుచున్నది. తరువాతి పంటకు తొందర పడి దానికి నిప్పుపెట్టుట అలవాటైనది. ఆ పొగ పసిపిల్లల ఊపిరితిత్తులకు శత్రువు. గడ్డిలోని నత్రజని ఇంచుమించు అంతయు ఆ మంటలో పోవును. దానిని మరల యూరియా రూపమున రైతే కొనవలెను. గడ్డిని కట్టలు కట్టించి పశువులకు దాచుట ఉత్తమము. అది కుదరనప్పుడు కొయ్యకాళ్లతో సహా మట్టిలో కలియదున్నవచ్చును. కాని నాట్లకు నెల దినములకు ముందే దున్నవలెను. నీరు పెట్టబోవుచు పచ్చిగడ్డిని త్రొక్కించినచో మీథేను మరింత పెరుగును. యూరియా విషయమునను మితమే మందు. పైరు తీసికొనక మిగిలిన నత్రజనిలో కొంత భాగము నైట్రస్ ఆక్సైడుగా మారును. అది బొగ్గుపులుసు వాయువుకంటె రెండువందల డెబ్బది రెట్లకు పైగా వేడిని పట్టియుంచును. ఆకురంగు పట్టికతో పైరును పోల్చి చూచి, పచ్చదనము తగ్గినప్పుడే యూరియా చల్లుట మంచిది. పైరు నల్లగా ఏపుగా కనబడుట కంటికి పండుగ. దోమపోటునకును అదే పండుగ.

పొలమునుండి ఇంటికి వచ్చినచో మొదట దీపము. అరువది వాట్ల పాత బుడ్డి రోజుకు అయిదు గంటలు వెలిగినచో ఏడాదికి నూటపది యూనిట్లు ఖర్చు. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బునకు పదునారు యూనిట్లు చాలును. 2015లో ఆరంభమైన ఉజాలా పథకము క్రింద దేశమున 36 కోట్లకు పైగా ఇట్టి బల్బులు పంచబడినవి. ఒక్కొక్క ఇంటి లెక్క స్వల్పమే; కోట్ల ఇండ్లు చేరినప్పుడు అది విద్యుత్కేంద్రముల లెక్కలోనికి ఎక్కును. సామాన్యమైన ఫ్యాను డెబ్బది వాట్లకు పైగా తీసికొనును. కొత్తరకపు బి.ఎల్.డి.సి. ఫ్యానునకు ముప్పది వాట్లు చాలును. పాతది చెడినప్పుడు దానిని తెచ్చుకొనుట తెలివి. శీతలయంత్రము గల ఇంట ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది విద్యుత్తు నూటికి ఆరు పాళ్లు తగ్గును. ఇరువది నాలుగు డిగ్రీలపై పెట్టి ఫ్యాను వేసికొన్నచో సుఖమునకు లోపము లేదు. ఇంటి పడమట వేపచెట్టు, వాకిట పందిరి, కుండలో నీరు అనునవి కరెంటు ఖర్చు లేని చలువలు. అయితే ఒక మాట. వడగాడ్పు దినములలో వృద్ధులను, పసివారిని, రోగులను పొదుపు పేరిట ఉక్కలో కూర్చుండబెట్టుట పుణ్యము కాదు. పొదుపు వృథాను కోయవలెను, ప్రాణమును కాదు.

వంటయింటి అలవాట్లు గృహిణులు ఎరుగనివి కావు. కందిపప్పును ముందుగా నానబెట్టుట, గిన్నెపై మూతపెట్టుట, పొంగు వచ్చినవెంటనే మంట తగ్గించుట అనువానిచే బండ నాలుగు దినములు అధికముగా వచ్చును. కట్టెలపొయ్యి పొగ స్త్రీల కన్నులను, ఊపిరిని తినివేయును గనుక గ్యాసు విడిచి మరల పొయ్యికి పొండని చెప్పువాడు హితుడు కాడు. 1999లో దీపం పథకముతో పల్లెలకు వచ్చిన గ్యాసు వారి కష్టమును తీర్చినది. దానిని మితముగా వాడుటయే కర్తవ్యము.

అంతకంటె పెద్దది విస్తరిలో మిగిలిన అన్నము. 2022లో ప్రపంచమున నూరుకోట్ల టన్నులకు పైగా ఆహారము వృథా అయినదని ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ లెక్క. అనగా జనులకు అందిన ఆహారములో అయిదవ వంతునకు దరిదాపు. పారవేసిన అన్నముతోపాటు దానికై పెట్టిన నీరు, యూరియా, మోటారు కరెంటు, లారీ డీజిలు కూడ పారబోసినట్లే. నిత్యము ఇంటిలో మిగిలినది చద్దియై మరునాటికి, గంజియై కుడితి తొట్టికి పోవుట పల్లెలకు తెలిసిన మర్యాద. ఆ మర్యాద చెడినది పెండ్లిపందిళ్లలో. ఇరువది రకములు వడ్డించుట గొప్పతనమని, విస్తరిలో వదలుట దర్జాయని ఒక అలవాటు పుట్టినది. అడిగి వడ్డించుట, వడ్డించినది తినుట, మిగిలిన వంటకమును చెడకముందే ఆకలిగొన్నవారికి పంపుట, ఎంగిలిని పెంటకుప్పలో వేసి ఎరువు చేయుట - ఈ నాలుగింటిని ఊరి పెద్దలు తమ ఇంటి శుభకార్యముతో ఆరంభించినచో తక్కినవారికి చెప్పవలసిన పని యుండదు.

ప్రయాణ విషయము చెప్పి ఇంటి సంగతి ముగించవచ్చును. లీటరు పెట్రోలు మండినచో రెండు కిలోల మూడువందల గ్రాముల బొగ్గుపులుసు వాయువు వచ్చును. మండల కేంద్రమునకు పోయి వచ్చుటకు పది కిలోమీటర్లయినచో, మోటారుసైకిలుపై ఏడాదికి మూడువందల సారులు తిరిగినవానికి అరువది లీటర్లు. వీధి చివరి అంగడికి నడచుట, పొలమునకు సైకిలు త్రొక్కుట, పట్టణమునకు బస్సెక్కుట, ఒకే పనికి ఇద్దరు కలిసి పోవుట అనువానిచే ఇందులో మంచి భాగము మిగులును. మిగిలిన రూకలు ఎవరి జేబులో నుండునో వేరుగా చెప్పనక్కరలేదు.

చెట్టు సంగతి విడువరాదు. ఖమ్మము జిల్లా రెడ్డిపల్లెవాసి దరిపల్లి రామయ్యగారు విత్తనములు సేకరించి సైకిలుపై తిరుగుచు దారి పొడుగున నాటిరి. కోటికి పైగా మొక్కలు నాటినవారని ప్రసిద్ధి పొంది, జనులచే వనజీవి యనిపించుకొని, 2017లో పద్మశ్రీ నందిరి. 2025 ఏప్రిలులో వారు కీర్తిశేషులైరి. వారి జీవితమునుండి గ్రహింపవలసినది సంఖ్య కాదు. నాటినది బ్రదుకువరకు మరల మరల పోయి చూచుట. వనమహోత్సవమునాడు నాటి, వేసవినాడు మరచిన మొక్క కట్టెపుల్లయే.

ఈ అలవాట్లన్నియు కూడినను భూతాపము తీరిపోవునని చెప్పుట అసత్యము. బొగ్గుకు బదులు ఎండనుండి, గాలినుండి విద్యుత్తు తీయుట, రైళ్లు, బస్సులు పెంచుట, పెద్ద కర్మాగారములను సంస్కరించుట ప్రభుత్వముల పని, సంపన్నదేశముల పని. 2015 డిసెంబరులో పారిస్ నగరమున దేశములన్నియు కూడి చేసికొన్న ఒప్పందము అందుకొరకే. ఆ పనిని జరిపింపుడని అడుగుట కూడ పౌరుని అలవాట్లలో ఒకటి కావలెను. శివారునకు నీరందు కాలువ, సమయమునకు వచ్చు బస్సు, పగటిపూట నిలుకడగా వచ్చు కరెంటు ఉన్నచో రైతు మంచి అలవాటు పట్టుట సులభము. అవి లేక కేవలము అతనికి నీతి చెప్పుట సులభతరమే, కాని న్యాయము కాదు. తన ఇంటి లెక్క సరిచూచుకొన్నవాని మాటకు గ్రామసభలో బలముండును. అలవాటునకును, అడుగుటకును గల చుట్టరికమిది.

గ్రంథాలయమునకు ఇందులో ఏమి పని యని ఎవరైన అనవచ్చును. ఒక పుస్తకమును నూరుమంది చదువుటయే వస్తువును మితముగా వాడుటకు తొలిపాఠము. ఊరిలో ఆ పాఠమును ఇరువది యైదేండ్లుగా నేర్పుచున్న చోటు ఇదియే. ఇకమీదట ఇచట పుస్తకముల పద్దు ప్రక్కన మరియొక పద్దుపుస్తకము తెరచుట మంచిది. తడిపి ఆరబెట్టిన మడి ఎన్ని ఎకరములు, విప్పివేసిన ఆటోస్టార్టర్లు ఎన్ని, కాల్చక మిగిల్చిన గడ్డి ఎంత, బ్రదికిన మొక్కలు ఎన్ని అని ప్రతి పంటకు వ్రాయించవలెను. వానమానము, ఎండ డిగ్రీలు ప్రక్కన వేయవలెను. ఒక రైతు చేసిన పని పద్దులో చదివి ఇంకొక రైతు తన మడిలో గొట్టము పాతును. ఎవరి దిగుబడి తగ్గినదో, ఎవరిది నిలిచినదో కూడ అందులో దాచక వ్రాయవలెను. దాచిన లెక్కను రైతు నమ్మడు.

ఆ పద్దును వ్రాయువారు బడిపిల్లలైనచో మరింత మేలు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి వారు గృహస్థులై యుందురు. ఆనాటి ఎండ, ఆనాటి వాన వారివి. వారు ఆ పాత పుటలను తిరగవేసినప్పుడు, పెద్దలు తెలిసియు ఊరకుండిరని కాక, చేతనైనది లెక్కగా చేసిరని వారికి తెలియవలెను.

గ్రంథాలయము దినదినాభివృద్ధి చెందుగాక. ఊరి చెరువు నిండుగాక.